చింతగింజల వంతు

12 నవంబర్ 1983, శనివారం. హాజరు: డైరెక్టరుగారు (సైన్యంలో కర్నల్‌గా రిటైరైనవారు), హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి అధికారి, డ్రాయింగు మాస్టరు, శిక్షణకు వచ్చిన అధికారులు పద్నాలుగు మంది, నేను. పదకొండు గంటల నుంచి అదనంగా: వంటమనిషి, జీపు డ్రైవరు, ఊడ్చే అవ్వ. టిఫిను ఉప్మా. ఆకాశం మబ్బు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు వచ్చారో రాసుకోకుండా నేను ఏ పేజీ మొదలుపెట్టలేదు. పెళ్ళికి వెళ్ళివచ్చినా అంతే. మా ఆవిడ నవ్వేది. పేర్లు డైరీలో ఉన్నాయి, ఇక్కడ రాయను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఆ పేర్లతో పనిలేదు. నేను చేసిన పొరపాటుతో మాత్రం ఎప్పుడో ఒకప్పుడు పని పడవచ్చు.

నేను చరిత్ర లెక్చరర్ని. డెబ్బైల చివర్లో నన్ను హనుమకొండలోని ఒక శిక్షణ కేంద్రానికి డెప్యుటేషన్ మీద పంపారు. రెండేళ్ళన్నారు, తొమ్మిదేళ్ళు మరిచిపోయారు. రెవెన్యూ, పోలీసు, కరెంటు, రోడ్లు, ఆరోగ్యం, ఇలా రకరకాల శాఖల నుంచి నడిమి స్థాయి అధికారులు బ్యాచీలుగా వచ్చేవారు. ఒక ప్రాంతంలో అలజడి రేగితే ఏ శాఖ ఏం చేయాలో ముందుగానే ప్రణాళిక వేయడం వాళ్ళకు నేర్పాలి. అందులో నా భాగానికి వచ్చింది పాత యుద్ధశాస్త్రం.

అది డైరెక్టరుగారి పట్టుదల. "రెండు ఫౌజులు ఎదురెదురుగ నిలబడి కొట్టుకునే జమానా పోయింది ప్రొఫెసర్. ఇప్పుడు గొడవల ఎన్ని పార్టీలున్నయో కొట్టుకునేటోళ్ళకే తెల్వదు. మగర్ అసూల్ వహీ హై, అసలు సూత్రం మారలే. మీ రాజుల కాలం సూత్రాలు పట్టుకొనే చెప్పండి" అనేవారు. నేను ప్రొఫెసరును కానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఆ ప్రమోషను వెనక్కి తీసుకోలేదు.

అందువల్ల సామ దాన భేద దండోపాయాలు చెప్పేవాణ్ణి. పొరుగు రాజు శత్రువు, అతని అవతలి రాజు మిత్రుడు అనే పాత లెక్క చెప్పేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువ మెప్పు తెచ్చిపెట్టిన పాఠం ఒకటుంది. ప్రత్యర్థి బలమంతా ఏదో ఒకచోట ఆనుకొని నిలబడుతుంది, దాన్ని కనిపెట్టి కొడితే మిగతాదంతా దానంతట అదే కూలుతుంది అన్నది. దానికి నేను 'ఆయువుపట్టు' అని పేరు పెట్టాను. మధ్యాహ్నం భోజనం తర్వాత కునికిపాట్లు పడే తహసీల్దార్లు కూడా ఆ మాట వినగానే తలెత్తేవారు. ఆ తలెత్తడం చూసి నేను మురిసిపోయేవాణ్ణి.

పాఠాలయ్యాక రెండు రోజులు ఇసుక మీద యుద్ధం. పెద్ద గదిలో చెక్కతో కట్టిన తొట్టి ఉండేది. డ్రాయింగు మాస్టరు అందులో వాగు ఇసుక పోసి, ఆకుపచ్చ రంగు వేసిన రంపపు పొట్టుతో అడవి, నీలం దారంతో వాగు, ఇటుక ముక్కలతో ఊళ్ళు, అంగళ్ళు పెట్టేవాడు. జనాభాకు గుర్తుగా చింతగింజలు చల్లేవాడు. అధికారులు రెండు పక్షాలుగా విడిపోయి ఎత్తుకు పైఎత్తు వేయాలి. ఒక్కో ఎత్తు ఒక్కో వారంతో సమానం. ప్రభుత్వం నీలి పక్షం. అడవిలో ఆయుధాలతో ఉన్నవాళ్ళు ఎదుటి పక్షం. దానికి రంగు దొరకడమే కష్టమైంది. అన్నిచోట్లా ఎరుపు అంటారు, కానీ మా జిల్లాలో ఆ మాటకు వేరే అర్థాలున్నాయి. పసుపు అనుకుంటే ఈలోగా దానికీ ఒక పార్టీ వచ్చేసింది. కాషాయం, ఆకుపచ్చ సరేసరి. చివరికి ఎవరూ అడగని బూడిద రంగు మిగిలింది. బూడిద పక్షం అన్నాం.

రెండు పక్షాల మధ్య తీర్పరిని నేను. నియమాల పుస్తకం నేను రాసిందే. చివర్లో నివేదిక రాసేదీ నేనే. ఇప్పుడు అసలు విషయం చెబుతాను. నేను క్రమశిక్షణ గలవాణ్ణి గనక శనివారం హడావుడి ఉండకూడదని శుక్రవారమే నివేదిక రాసి, స్టెన్సిల్ కట్ చేయించి, ఇరవై ఐదు కాపీలు తీయించి ఉంచేవాణ్ణి. శనివారం ప్రయోగం ముగిసేది, సాయంత్రం కాపీలు పంచేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఫలితం నా నివేదికకు భిన్నంగా రాలేదు. తీర్పరి కూడా నేనే గనక అందులో వింతేమీ లేదని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ నవంబరు బ్యాచికి అతిథి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు, గబగబా మాట్లాడేవాడు. ఎక్కడో అచ్చయిన నా ఆయువుపట్టు వ్యాసాన్ని చదివి, పెన్సిలుతో గీతలు గీసుకొని మరీ తెచ్చాడు. జిల్లాలో ఒక మూల వారపు అంగడి ఉందనీ, అడవిలోకి బియ్యం, ఉప్పు, టార్చి బ్యాటరీలు అక్కడి నుంచే పోతున్నాయనీ, దాన్ని ఆరు వారాలు మూయించాలని పైవాళ్ళ ఆలోచన అనీ చెప్పాడు.

"అంగడే వాళ్ళ ఆయువుపట్టు. మీరు రాసిందే కదా మాస్టారూ" అన్నాడు. "మీ కేంద్రం ఒకసారి ఇసుక మీద ప్రయోగం చేసి సరేనంటే ఫైలు కదులుతుంది. నెలాఖరుకల్లా ఉత్తర్వు వస్తుంది."

నా వ్యాసాన్ని కంపోజిటరు కాక మరొకరు చదవడం అదే మొదటిసారి. కాదనడానికి నోరు ఎలా వస్తుంది? ఊరి పేరు మార్చి 'కల్పిత ప్రాంతం' అని పలక పెట్టాం. శుక్రవారం రెండు ఎత్తులు నడిచాయి, అంతా వార్మప్. ఆ సాయంత్రమే నా నివేదిక తయారైంది: అంగడి మూసిన మూడో వారానికి బూడిద పక్షానికి సరుకులు నిండుకుంటాయి, ఐదో వారానికి అడవి దాటి బయటికి వస్తుంది, ఆరో వారానికి పని పూర్తి.

శనివారం పొద్దున నీలి పక్షం నాయకుడైన తహసీల్దారు అంగడి మీద ఎర్ర కాగితం అంటించి "మూసేశాం" అని ప్రకటించాడు. పోలీసులకు గుర్తుగా పెట్టిన నీలి బొత్తాలన్నీ అడవి బాట మీద పేర్చాడు. అప్పుడు వెనక వరసలోంచి హెల్త్ విజిటరు లేచింది. స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పల్లెల్లో పదిహేనేళ్ళు తిరిగిన మనిషి. రెండు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"సార్, ఒకటడుగుతా, నవ్వద్దు. ఈ చింతగింజలు ఎప్పుడు కదుల్తయ్?"

బూడిద పక్షం నడుపుతున్న ఎస్సై నవ్వనే నవ్వాడు. "అవి కదులుడేంది సిస్టర్? అవి జనం."

"జనం కదలరా సార్? పొద్దుగాల లేస్తే వాళ్ళ ఎంబడి తిరుగుడే నా డ్యూటీ. ఒక్కనాడు ఒక్క కాడ దొరకరు, అంగడినాడు తప్ప."

నేను నియమాల పుస్తకం తిరగేశాను. చింతగింజలకు వంతు ఉన్నట్టు ఎక్కడా లేదు. "అమ్మా, జనాభా అనేది ప్రయోగంలో స్థిరమైన అంశం" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

డైరెక్టరుగారికి మాత్రం ఉషారొచ్చింది. "వాజిబ్ బాత్, మాట న్యాయమే! ఇయ్యండి వాటికి ఒక చాన్స్. లంచ్ లోపట అయిపోవాలె" అన్నారు. అధికారులందరికీ అప్పటికే పక్షాలున్నాయి. ఖాళీగా ఉన్నవాళ్ళెవరని చూస్తే సిబ్బందే. వంటమనిషిని, జీపు డ్రైవరును, ఊడ్చే అవ్వను పిలిపించారు.

"సార్, పప్పు పొయ్యి మీదున్నది" అన్నాడు వంటమనిషి గుమ్మంలోనే నిలబడి.

"దించి రా."

"దించితే ఉడకది సార్."

"అచ్ఛా, అయితే అది ఉడికే లోపట లడాయి ఖతం చేద్దాం" అన్నారు డైరెక్టరుగారు.

ముగ్గురూ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. వంటమనిషి అంగడి దగ్గర కొంచెంసేపు వంగి నిలబడ్డాడు. తర్వాత వరండాలో బల్ల వేసుకొని కూర్చున్నారు. అవ్వ చెప్పడం, వంటమనిషి సవరించడం, డ్రైవరు చీటీ రాసి లోపలికి పంపడం. మొదటి చీటీ నా డైరీలో అతికించి ఉంది:

'అంగడి బందని మాకు ఎవ్వలు చెప్పలే. పోయినం. గాడనే కూసున్నం.'

గదిలో అందరూ నవ్వారు. తహసీల్దారు "లేపి పంపించేస్తాం" అన్నాడు. "ఎవరితో?" అని హెల్త్ విజిటరు అడిగింది. ఆమె కూడా నీలి పక్షమే, అయినా అడిగింది. పోలీసు బొత్తాలన్నీ అడవి బాట మీద ఉన్నాయి. కూర్చున్నవాళ్ళను లేపాలంటే సగం బొత్తాలు వెనక్కి తేవాలి. తెచ్చాడు. బాట సగం ఖాళీ అయింది. ఎస్సై వెంటనే తన బూడిద బొత్తాలను ఆ సందులోంచి నడిపించాడు.

రెండో వారం వరండాలోంచి అవ్వ గొంతు లోపలికే వినిపించింది. "ఉప్పు లేకుంట వారం దినాలు ఎట్ల తింటరయ్య మీ ఇండ్లల్ల? అంగడి లేకుంటె గంప నెత్తిన వెట్టుకొని ఇల్లిల్లు తిరుగుత. నన్ను ఎవడాపుతడు?" చీటీలో ఆరు చోట్లు రాసి పంపారు: బస్సు ఆగేచోట, రైసు మిల్లు గోడ పక్కన, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరి మీద, బడి ముందర, ఇంకా రెండు. ఒక్క అంగడి ఆరు చిన్న అంగళ్ళయింది. డ్రాయింగు మాస్టరు దగ్గర ఇటుక ముక్కలు అయిపోయి సుద్ద ముక్కలు పెట్టాడు. నీలి పక్షం దగ్గర ఆరు చోట్లకు సరిపడా బొత్తాలు లేవు.

మూడో వారం ఎస్సై లేచి నిలబడ్డాడు. నిజ ఉద్యోగంలో ఆయన అటువైపు మనిషి కాదు గనక ఇంకా ఉత్సాహంగా ఉన్నాడు. "మేం అడవి అంచున అంగడి పెడ్తున్నం. ఎవ్వరు లేపరు. మీ సరుకుకు మేం జిమ్మేదార్" అని ప్రకటించాడు. అందరం వరండా వైపు చూశాం. చీటీ వెంటనే వచ్చింది.

'సంచులు కట్టినం. వత్తానం.'

డ్రాయింగు మాస్టరు చేత్తో చింతగింజలను అంగడి దగ్గర నుంచి ఊడ్చి రంపపు పొట్టు అంచున పోశాడు. చూస్తూ చూస్తూ తహసీల్దారు మెల్లగా అన్నాడు: "ఇంతకుముందు అంగడినాడు మా వాళ్ళు టీకొట్టు దగ్గర నిలబడితే ఏ ఊళ్ళో ఏం జరుగుతుందో అంతా చెవిన పడేది. ఇప్పుడు మాకు కబుర్లు ఎక్కడి నుంచి వస్తాయి?"

అంతలో పప్పు మాడిన వాసన వచ్చింది. వంటమనిషి పరుగెత్తాడు. దాంతో ప్రయోగం ఆగిపోయింది.

అతిథి నా వైపు తిరిగి మర్యాదగా నవ్వాడు. "సరదాగా ఉంది మాస్టారూ. కానీ వంటవాడి ఎత్తులు నివేదికలోకి ఎక్కించలేం కదా" అన్నాడు. నా బల్ల మీద కట్ట కట్టి ఉన్న ఇరవై ఐదు కాపీలు తీసుకొని, పంపిణీ రిజిస్టరులో సంతకం పెట్టాడు. "రేపు ఎనిమిదింటికి జీపు" అని చెప్పి గెస్టుహౌసుకు వెళ్ళిపోయాడు.

నేను ఏమీ అనలేదు. ఈ వాక్యం డైరీలో యథాతథంగా ఉంది.

డైరెక్టరుగారు మాడిన పప్పుతోనే భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ నా పక్కన ఆగారు. "నివేదిక మీద దస్కత్ మీది ప్రొఫెసర్, నాది కాదు" అన్నారు. తిట్టారో, దారి చూపించారో నాకు తెలియలేదు. సైన్యంలో పనిచేసినవాళ్ళతో ఇదొక ఇబ్బంది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. వంటమనిషి మాడిన గిన్నెను ఇసుకతో తోముతున్నాడు.

"నీ ఎత్తులు బాగున్నాయి" అన్నాను.

"ఎత్తులేంది సార్. మేం చేసేదే చెప్పినం." గిన్నె బోర్లించాడు. "సార్, ఆ తొట్టిల ఉన్నది తొర్రూరు తొవ్వల అంగడే గదా?"

"కల్పిత ప్రాంతం" అన్నాను.

"కల్పితమే సార్. గని ఆ వాగు వంపు, ఆ మోరి, ఆ మిల్లు అన్ని గట్లనే ఉన్నయ్. మా అక్క గాడ ఎండుచేపలు అమ్మతది. బావ పోయిన సంది గదే ఆమె బతుకు. ఆ ఒక్క అంగడే, ఇంకోటి ఎరుగది. ఆరు వారాలు ఇంట్ల వెట్టుకుంటె చేపలు పురుగువడ్తయ్ సార్."

"మరి లోపల ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

అతడు నన్ను వింతగా చూశాడు. "ఎవ్వలికి చెప్పాలె సార్? నన్ను చింతగింజల లెక్క కూసోమన్నరు, కూసున్న. చెప్పుడు మీ పని గదా."

ఆ సాయంత్రం నా వ్యాసం తీసి మళ్ళీ చదివాను. పాత శాస్త్రంలో తప్పు కనబడలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. ప్రత్యర్థి బలం ఎక్కడ ఆనుకొని ఉందో చూడమని శాస్త్రం చెబుతుంది. నేను వాడి సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చూశాను. సరుకు వేరు, బలం వేరు. సామంతో మొదలుపెట్టమని శాస్త్రం చెబుతుంది. నేను ఏ బ్యాచిలోనూ సామం దగ్గర పది నిమిషాలకు మించి ఆగలేదు. దండం ఇసుక మీద చక్కగా కనబడుతుంది, బొత్తాలు జరుపుకోవచ్చు. సామానికి ఏ గుర్తు పెట్టాలో డ్రాయింగు మాస్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. రాజులకూ రాజులకూ మధ్య యుద్ధానికి పుట్టిన లెక్కను పది రకాల మనుషులున్న గొడవకు తగిలించేటప్పుడు, ముందుగా ఆ పది రకాలనూ బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. ఈ మాట ఆ రాత్రి కాదు, చాలా ఏళ్ళ తర్వాత రాసుకున్నాను. ఆ రోజు డైరీలో చివర ఉన్నది ఇంతే: 'రేపు ఏడింటికి గెస్టుహౌసు. సైకిల్లో గాలి చూడాలి.'

మర్నాడు ఆదివారం, ఏడింటికి వెళ్ళేసరికి అతిథి ఇడ్లీ తింటున్నాడు. నాకూ ఒక ప్లేటు తెప్పించబోయాడు, వద్దన్నాను.

"ఆ కాపీలు వెనక్కి ఇవ్వండి. అవి శుక్రవారం రాసినవి" అన్నాను.

అతడు నవ్వాడు. "ఏ రిపోర్టయినా శుక్రవారం రాసిందే మాస్టారూ. ఆ మాట నాకు చెబితే చెప్పారు గానీ ఇంకెక్కడా అనకండి." ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి, "వెనక్కి ఇవ్వడం కుదరదు. మీ రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకున్నాను. వెనక్కి తీసుకోవడానికి అందులో గడి కూడా లేదు" అన్నాడు.

నిజమే. ఆ రిజిస్టరుకు గళ్ళు గీసింది నేనే.

"అయితే వాటి మీద రాయనివ్వండి."

"ఏం రాస్తారు?"

"జరిగింది."

గడియారం చూసుకున్నాడు. కట్ట విప్పి బల్ల మీద పెట్టాడు. "జీపు వచ్చేదాకా. వచ్చాక ఒక్క నిమిషం కూడా ఆగను."

మొదటి పేజీ పైభాగంలో ఖాళీ చోట రాయడం మొదలుపెట్టాను. 'ఈ నివేదికను ప్రయోగం పూర్తికాకముందే రాశాను. ప్రయోగంలో ఫలితం దీనికి విరుద్ధంగా వచ్చింది. అంగడి మూస్తే నష్టపోయేది నీలి పక్షమే.' కింద సంతకం, తేదీ. నాలుగైదు కాపీలయ్యాక అతడు ఒకదాన్ని తీసి చదివాడు.

"ఇది మీ ఉద్యోగానికి మంచిది కాదు" అన్నాడు. ఆ గొంతులో బెదిరింపు లేదు, నిజంగానే నా మేలు కోరి అన్నాడు.

"నేను డెప్యుటేషన్ మీద ఉన్నాను. వెనక్కి పంపితే కాలేజీ మా ఇంటికి దగ్గర."

అతడు చెయ్యి కడుక్కొని వచ్చి, ఒక్కో కాపీ తెరిచి నా ముందు పెట్టడం, రాసినదాన్ని తీసి సిరా ఆరేలా పక్కన పరచడం మొదలుపెట్టాడు. పదిహేనో కాపీకి నా రాత పక్కకు వాలిపోయింది. ఇరవై మూడో కాపీ దగ్గర జీపు హారను మోగింది. "ఉండవయ్యా!" అని అతడే కిటికీలోంచి అరిచాడు. ఇరవై ఐదూ పూర్తయ్యాయి.

ఆ అంగడిని మూయమన్న ఉత్తర్వు నెలాఖరుకు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నా రాత వల్ల ఆగిందో, ఫైలు మధ్యలో ఎక్కడ పడుకుందో నాకు తెలియదు. నన్ను వెనక్కి కూడా పంపలేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం సైకిలు తొక్కుకుంటూ కేంద్రానికి వచ్చేసరికి నాకు ఏదీ తేలలేదు. బ్యాచి వెళ్ళిపోయింది, వంటిల్లు మూసి ఉంది. వంటమనిషి ఉతికిన చొక్కా వేసుకొని, సంచి చంకన పెట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇచ్చిండా సార్?"

"ఇవ్వలేదు. రాయనిచ్చాడు."

"మరి అక్కకు ఏమని చెప్పాలె?"

"ఇప్పుడే ఏమీ చెప్పకు. అంగడి ఏ రోజు?"

"ఇయ్యాల్నే సార్. నేను గాడికే పోతాన." సంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "మీరు ఎన్నడన్న చూసిండ్రా?"

చూడలేదు. ఏళ్ళ తరబడి అంగళ్ళను ఇటుక ముక్కలుగా ఇటూ అటూ జరిపినవాణ్ణి, ఒక్క అంగడికి కూడా పోలేదు. సైకిలు లోపల పెట్టి అతని వెంట బస్సెక్కాను. దారిలో తొర్రూరు వైపు పోయే పత్తి బండ్లు అడ్డం వచ్చి, చేరేసరికి ఎండెక్కింది. మబ్బు విడిపోయింది.

మోరి దగ్గర దిగగానే మొదలైంది అంగడి. రోడ్డుకు రెండు దిక్కులా, మిల్లు గోడ దాకా, అక్కడి నుంచి వంపు తిరిగి వాగు దాకా. మిరపకాయల కుప్పలు, కుండలు, కట్టేసిన మేకలు, చీరల మూటలు, పాత టైర్లతో చేసిన చెప్పులు. ఒక కానిస్టేబులు సంచిలో వంకాయలు వేయించుకుంటూ అమ్మే ఆయనతో ఏదో ముచ్చట పెట్టాడు. వంటమనిషి జనం మధ్యలోంచి చకచకా దారి చేసుకుంటూ పోయి, గోనెసంచి మీద ఎండుచేపలు పోసుకొని కూర్చున్న ఒకావిడ ముందు ఆగాడు.

"అక్కా, మా సార్. హన్మకొండల యుద్ధం పాఠం చెప్తడు."

ఆమె తక్కెడ ఆపకుండానే తలెత్తి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"చెప్తె చెప్పనియ్ గని, జర పక్కకు జరుగు అయ్యా. గిరాకికి అడ్డం నిలవడ్డవు."

వెనక్కి చూశాను. అప్పటికే ముగ్గురు నిలబడి ఉన్నారు. పక్కకు జరిగాను.